ప్రశ్నలు – జవాబులు: పై మెట్టు మీది కొలువు

ప్రశ్న: నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాడను. నాన్నగారు బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా పనిచేసి రిటైరైనారు. నేను ముంబైలో ఒక ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకున రియల్ ఎస్టేటు విభాగములో వైస్ ప్రెసిడెంటును. వేరొక సంస్థ డైరెక్టరు పదవి ఇచ్చెదనని పిలుచుచున్నది. పైకి పోయినకొలది ఈ వృత్తిలో భవిష్యత్తు కలదా?
– ఒక పాఠకుడు, ముంబై

జవాబు: వ్యాపారమునకు భవిష్యత్తు కలదా యనునది ఒక ప్రశ్న, అందులో మీకు కలదా యనునది మరియొక ప్రశ్న. మొదటిదానికి జవాబు సులభము. 2005లో నిర్మాణరంగమునకు విదేశీ పెట్టుబడి ద్వారము విశాలముగా తెరువబడినది మొదలు, 2014లో మార్కెటు నియంత్రణసంస్థ సెబీ, అద్దె భవనములలో మదుపరులకు వాటానిచ్చు రీట్ల నిబంధనలను ప్రకటించుట, 2019లో ఎంబసీ సంస్థవారి మొదటి రీట్ మార్కెటుకెక్కుట, దాని వెనుకనే మైండ్‌స్పేస్, బ్రూక్‌ఫీల్డ్, నెక్సస్ వరుసకట్టుట చూచినవారికి ఈ వ్యాపారము మూతపడునని తోచదు. మన హైదరాబాదులోని మాదాపూరున సాఫ్ట్‌వేరు పిల్లలు ఎక్కి దిగెడి మైండ్‌స్పేస్ భవనముల అద్దె నేడు షేరుమార్కెటులో యూనిట్లు కొన్న సామాన్యునికి సైతము చేరుచున్నది. 2023 ఆగస్టులో కోకాపేట వేలమున ఎకరము నూరుకోట్లు దాటినది. బిల్డర్లు భూమి కొనుటకు బ్యాంకులు అప్పీయరాదని రిజర్వుబ్యాంకు కట్టడి చేసియుండగా, అంతటి ధనమును డిబెంచర్లుగానో, ఫండ్ల పెట్టుబడిగానో కూర్చిపెట్టు మధ్యవర్తి అవసరము ఎట్లు తీరును?

రెండవ ప్రశ్నయే కఠినమైనది. క్రింది మెట్లమీద ఉన్నంతకాలము మీ విలువ మీ లెక్కలలో ఉండును: అద్దె రాబడి యెంత, రాబోవు పదేండ్ల నగదు ప్రవాహమునకు నేటి విలువ యెంత, పత్రములు సిద్ధమైనవా లేదా. డైరెక్టరైన మరునాటినుండి ఆ లెక్కలు మీ క్రిందివాడు వేయును; మిమ్ములను అడుగునది ఒక్కటే – ఈ ఏడు మీరు తెచ్చిన మాండేట్లు (క్లయింట్లు అప్పగించిన పనులు) ఎన్ని, వాటిమీద ఫీజు యెంత? ఈ మార్పును ముందుగా గుర్తింపక, పనిమంతుడనని పేరుపొందిన మేధావులు పదవి పెరిగిన రెండేండ్లలోనే వీథిపాలగుట ఈ వృత్తిలో వింత కాదు. కనుక క్రొత్త సంస్థను జీతమెంతని అడుగుటకు ముందు మిమ్ములను మీరు అడుగుకొనుడు: నేడు నాకు ఫోను చేయుచున్న బిల్డరు, నా విజిటింగు కార్డుమీది బ్యాంకు పేరు మారిన పిదప కూడ చేయునా? చేయుననిన పొండు, సందేహమున్న, ఉన్నచోటనే రెండేండ్లు నిలిచి ఆ పరిచయములను మీవిగా చేసికొనుడు.

ఇంకొక సంగతి. పై మెట్టు మీదివాని అసలు అధికారము కాదనగలుగుటలో ఉన్నది. బొగ్గుబాయిలో భద్రత చూచు సర్దారు కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడు విని, అనుమానము కలిగిన చోటికి మనుష్యుని పోనీయడు. మీరు చేయవలసినదియు అదియే. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్సు అధిపతులు తమ కుటుంబమువారివైన మేటాస్ సంస్థలు రెంటిని – అందొకటి కేవలము భూములు, భవనములు గలది – కొనదలచుట, మదుపరుల ఆగ్రహమునకు వెరచి గంటలలోనే వెనుకకు తీసికొనుట, 2009 జనవరి 7న సత్యం అధిపతి రామలింగరాజుగారి లేఖతో దొంగలెక్కల గుట్టు బయటపడుట తెలుగువారు మరువరానివి. ఆ దినములలోనే సత్యమునకు సలహాదారుగా కుదిరిన డీఎస్పీ మెరిల్ లించ్ సంస్థ, లెక్కలలో తేడా కనబడగానే, ఒప్పందమును రద్దుచేసికొని ఆ సంగతిని ఎక్స్‌ఛేంజీలకు తెలిపినది. ఫీజు పోయినది, పేరు నిలిచినది. అట్టి నిర్ణయమును మీరు తీసికొన్ననాడు మీకు అండగా నిలుచు యాజమాన్యమా కాదా యని విచారింపక డైరెక్టరు కుర్చీలో కూర్చుండవలదు.

ఈ వ్యాపారము పొంగునపుడు పొంగును, ఎండునపుడు గడ్డకట్టును. 2008లో అమెరికాలో లేమన్ బ్యాంకు కూలినపుడు, 2018లో ఐఎల్అండ్ఎఫ్ఎస్ అను ఆర్థికసంస్థ చెల్లింపులు ఆగి బ్యాంకేతర ఆర్థికసంస్థలు బిల్డర్లకు అప్పులు బిగించినపుడు చూచినాము. మొట్టమొదట నిలిచిపోవునది భూమి వ్యవహారమే, మొదట ఖాళీయగునవి పెద్ద జీతముల కుర్చీలే. నలుబదియైదేండ్ల లోపుననే ఒక రీట్ నిర్వహణసంస్థలోనికో, పెట్టుబడి ఫండులోనికో, పెద్ద బిల్డరు వద్ద ఆర్థికాధికారిగానో దాటుటకు దారి చూచికొనుట వివేకము. కొనువాని పక్షమునకో, కలవాని పక్షమునకో చేరినవాడు ఎండకాలమును కొంత తట్టుకొనగలడు. హైదరాబాదునకు మరలవలెనన్న కోరిక యున్నచో అది సెంటిమెంటు మాత్రమే కాదు. పెట్టుబడిదారులు ముంబైలో కూర్చుందురు గాని భవనములు లేచుచున్నది ఇక్కడ.

ప్రశ్న: నా కుమారునిది ఇట్టి ఉద్యోగమే. సంబంధము చూడబోయిన ప్రతియింట ‘పర్మినెంటా?’ యని అడుగుచున్నారు. ఏమి చెప్పవలెను? మరియు, మిత్రుడొకడు నా రిటైర్మెంటు సొమ్మును ఒక వెంచరు ప్రీ-లాంచిలో పెట్టుమనుచున్నాడు.
– ఒక విశ్రాంత కార్మికుడు, రామగుండం

జవాబు: అయ్యా, మస్టరు పడినంత మాత్రమున జీతము వచ్చుట, అరువదియొక్క యేండ్లకు రిటైరగుట, దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనసు – ఇవి సింగరేణి బొగ్గుగనులలో దశాబ్దముల కార్మికోద్యమము గెలిచినవి. మీ అబ్బాయి లోకమున బోనసు ఒక యేడు జీతమునకు రెట్టింపు రావచ్చును, మరుసటి యేడు సున్న కావచ్చును. పర్మినెంటు కాదని నిర్భయముగా చెప్పుడు; అబ్బాయి బోనసులో సగమైనను ఏటేట ప్రక్కన పెట్టుచున్నాడనియు చెప్పుడు. పెట్టుచున్నాడో లేదో ముందుగా ఆతనిని అడుగుట మంచిది.

సొమ్ము విషయమున ఆలోచనకే తావు లేదు. రియల్ ఎస్టేటు నియంత్రణకై వచ్చిన రెరా చట్టమునకు లోబడిన ప్రాజెక్టును రిజిస్ట్రేషను లేకుండ అమ్మజూపుట, ప్రకటనలిచ్చుట, అడ్వాన్సు తీసికొనుట 2016నాటి ఆ చట్టము మూడవ సెక్షను క్రింద నిషిద్ధము. మిత్రుని రెరా నంబరు అడుగుడు. ‘వచ్చును, వచ్చును’ అనునెడల టీ ఇచ్చి పంపివేయుడు. పట్టా కొరకు ఏండ్లు ఎదురుచూచిన ఇండ్లు గల ఖనిపట్టణమున నుండు మీకు, కాగితము లేని జాగ విలువ నేను చెప్పవలెనా? భవనములమీద మనసున్నచో మార్కెటులోని రీట్ యూనిట్లు 2021 నుండి ఒకటొకటిగా కొనవచ్చును. రీట్ ఆస్తులలో నూటికి ఎనుబది వంతులు పూర్తియై అద్దె తెచ్చునవి కావలెను, పంచదగిన రాబడిలో తొంబది వంతులు పంచవలెను. అయినను యూనిట్ల ధర పడవచ్చును. మందులకు, కుమారుని పెండ్లికి వలయు ధనమును అందు పెట్టవలదు.

ప్రశ్న: సింగరేణి సివిల్ విభాగమున ఇంజనీరును, వయస్సు 52. ఈ రంగమున ప్రవేశింపగలనా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: బ్యాంకరుగా కష్టము. కాని ప్రతి డీలుకును విలువ కట్టువాడు ఒకడు కావలెను. 2017నాటి నిబంధనల ప్రకారము భూములు, భవనముల తరగతిలో రిజిస్టర్డు వాల్యుయర్లకు పరీక్ష కలదు. సివిల్ డిగ్రీయు, అనుభవమును మీకున్నవి. శిక్షణతరగతి ముగించి పరీక్ష ఇప్పుడే వ్రాయుడు. కంపెనీ అనుమతి లేక బయటిపని పట్టవలదు. రిటైరైన పిదప పట్టుడు.