పక్షిగానం - పరాన్నజీవులు

పాఠ్యాంశ పరిచయం

ఇది వైజ్ఞానిక వ్యాసం. పక్షుల పాటకూ, వాటి ఆరోగ్యానికీ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు ఏ విధంగా పరీక్షించారో, ఆ పరిశోధన అంతరించిపోతున్న జాతుల రక్షణకు ఎట్లా తోడ్పడుతున్నదో ఈ పాఠం వివరిస్తుంది. ఒక విషయాన్ని ఊహించడం వేరు, నిరూపించడం వేరు అనే వైజ్ఞానిక దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠం

వసంతాగమనం అనగానే తెలుగు కవులకు మావిచిగురు, కోయిల కూత స్ఫురిస్తాయి. కవి ఆ కూతలోని మాధుర్యాన్ని ఆస్వాదిస్తాడు. శాస్త్రజ్ఞుడు మరికొన్ని ప్రశ్నలు వేస్తాడు. పక్షి ఎందుకు పాడుతుంది? ఆ పాట కోసం అది ఏమి వెచ్చిస్తుంది? జబ్బుపడిన పక్షి కూడా అంత చక్కగా పాడగలదా?

పక్షులన్నీ ఏవో ధ్వనులు చేస్తాయి. అయితే శాస్త్రజ్ఞులు పాటపక్షులు అని పేర్కొనేది ఒక ప్రత్యేక వర్గాన్ని. వాయునాళం రెండుగా చీలే చోట ఉండే శబ్దిని అనే అవయవం వీటిలో బాగా వృద్ధి చెంది ఉంటుంది. పిచ్చుక, గోరువంక, పికిలిపిట్ట ఈ వర్గానికి చెందినవే. పంచమ స్వరానికి ప్రసిద్ధి పొందిన కోయిల ఈ వర్గంలోకి రాదు. కర్ణకఠోరంగా అరిచే కాకి మాత్రం వస్తుంది. ఈ విభజనకు ఆధారం మాధుర్యం కాదు, శరీర నిర్మాణం.

పాటపక్షులు పుట్టుకతోనే పాట నేర్చుకొని రావు. పిల్లదశలో పెద్ద పక్షుల పాట విని, అనుకరించి, పదేపదే సాధన చేసి నేర్చుకుంటాయి. సమశీతోష్ణ ప్రాంతాలలో ఎక్కువగా మగపక్షులే పాడతాయి. తన ఆవరణలోకి ఇతరులు రాకూడదని హెచ్చరించడం, ఆడపక్షిని ఆకర్షించడం ఆ పాటకు గల ప్రధాన ప్రయోజనాలు. పాడుతున్నంతసేపూ పక్షి మేత వెదుక్కోలేదు. పైగా డేగ వంటి శత్రువుల కంట పడే ప్రమాదమూ ఉంది. అందువల్ల బలహీనమైన పక్షికి పాట పెనుభారం అవుతుంది.

ఆ బలహీనతకు గల కారణాలలో పరాన్నజీవులు ముఖ్యమైనవి. ఈకలలో పేలు, గూళ్ళలో పురుగులు, రక్తంలో సూక్ష్మజీవులు పక్షులను ఆశ్రయించి బతుకుతాయి. రక్తంలో చేరే వాటిలో ప్లాస్మోడియం అనే పక్షి మలేరియా క్రిమి ఒకటి. ఇది దోమకాటు వల్ల వ్యాపిస్తుంది. మనుషులకు మాత్రం సోకదు.

ఈ క్రిమి చరిత్రకు తెలుగు నేలతో సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం పీల్చిన దోమ కడుపుగోడలో ఆ వ్యాధి క్రిమిని కనుగొన్నాడు. దోమ శరీరంలో ఆ క్రిమి ఆపైన ఎటు పోతుందన్నది తేలవలసి ఉండింది. మరుసటి ఏడాది కలకత్తాలో ఆయన పక్షులపై పరిశోధన సాగించాడు. జబ్బు పక్షులను కుట్టిన క్యూలెక్స్ దోమలలో ఆ క్రిమి లాలాజల గ్రంథులకు చేరడాన్ని 1898 జూలైలో గమనించాడు. అటువంటి దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు వ్యాధి సోకింది. దోమకాటే మలేరియాను వ్యాపింపజేస్తుందని ఆ విధంగా రుజువైంది. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మానవాళికి మేలు చేసిన ఆ సత్యాన్ని చాటినవి చిన్న పిచ్చుకలే.

అయితే పక్షుల వ్యాధికీ, పాటకూ ముడి ఉండవచ్చునన్న ఆలోచన ప్రచారంలోకి రావడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది. 1982లో డబ్ల్యు.డి. హామిల్టన్, మార్లీన్ జుక్ అనే శాస్త్రజ్ఞులు ఉత్తర అమెరికా పాటపక్షుల సమాచారాన్ని పరిశీలించి ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. పరాన్నజీవులను తట్టుకోగల మగపక్షే మెరిసే రంగులతో, మేలైన పాటతో నిలువగలదు. కనుక ఆ రంగులనూ, పాటనూ చూసి జతను ఎంచుకునే ఆడపక్షి, తన పిల్లలకు వ్యాధినిరోధక శక్తి గల తండ్రిని ఎంచుకుంటున్నదన్నమాట. పాట ఒక ఆరోగ్య ధ్రువపత్రం వంటిదని, దాన్ని రోగి సులభంగా దొంగిలించలేడని ఈ వాదన సారాంశం. తరువాతి అధ్యయనాలన్నీ దీన్ని ఒకే తీరుగా బలపరచలేదు. కానీ పరీక్షించదగిన ఒక ప్రశ్నను ఇది శాస్త్రలోకం ముందుంచింది.

పరీక్షించడం తేలిక కాదు. పరిశోధకులు సన్నని వలలతో పక్షులను పట్టి, గుర్తుకోసం కాళ్ళకు కడియాలు తొడుగుతారు. రెక్కలోని సిర నుండి ఒకటి రెండు చుక్కల రక్తం తీసి వదిలివేస్తారు. ఆ రక్తాన్ని గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూస్తారు, క్రిముల డి.ఎన్.ఎ.ను కూడా పరీక్షిస్తారు. ఆ పక్షి పాటను రికార్డు చేసి, అందులో ఎన్ని రకాల స్వరఖండాలు ఉన్నాయో లెక్కిస్తారు.

ఇంగ్లండులో సెడ్జ్ వార్బ్లర్ అనే చిన్న పక్షిపై కాథరిన్ బుకానన్, క్లైవ్ కాచ్‌పోల్ మొదలైనవారు ఇట్లాంటి పరిశోధనే చేశారు. ఈ పక్షి చలికాలం ఆఫ్రికాలో గడిపి, వసంతంలో తిరిగివచ్చి జత దొరికేదాకా ఎడతెగకుండా పాడుతుంది. రక్తంలో పరాన్నజీవులు ఉన్న మగపక్షుల పాటలో స్వరవైవిధ్యం తక్కువగా ఉన్నట్లు 1999లో వారు ప్రకటించారు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. వ్యాధి వల్ల పాట క్షీణించిందా? లేక పుట్టుకతోనే బలహీనమైన పక్షికి వ్యాధీ సోకి, పాటా అబ్బలేదా? రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము. దీన్ని తేల్చడానికి ప్రయోగం అవసరం. అదే బృందంలోని కొందరు శాస్త్రజ్ఞులు కెనరీ పక్షులపై అటువంటి ప్రయోగం చేసి, 2005లో ఫలితాలను ప్రచురించారు. కొన్ని పిల్లలకు మలేరియా క్రిమిని ఎక్కించి, మరికొన్నింటిని పోలిక కోసం వేరుగా ఉంచారు. పెరిగి పెద్దవైన తరువాత, వ్యాధి సోకిన పక్షులు తక్కువ సంక్లిష్టత గల పాటలు పాడాయి. పాటను నియంత్రించే మెదడు భాగం కూడా వాటిలో చిన్నదిగా ఉంది. అంటే చిన్ననాటి రోగం పెద్దనాటి పాటలో ముద్ర వేసిందన్నమాట.

పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షి కూడా లోలోపల మూల్యం చెల్లిస్తూ ఉండవచ్చు. స్వీడన్‌లోని క్విస్మారెన్ సరస్సు వద్ద గ్రేట్ రీడ్ వార్బ్లర్ పక్షులను శాస్త్రజ్ఞులు 1980ల నుండి తరతరాలుగా గమనించారు. వాటిలో కొన్నింటికి మలేరియా తీవ్ర లక్షణాలు లేకుండా చిరకాలం నిలిచి ఉంది. అటువంటి పక్షుల క్రోమోజోముల కొనలను కాపాడే టెలోమియర్లు త్వరగా తరిగిపోయాయనీ, అవి తక్కువ కాలం జీవించి, తక్కువ పిల్లలను కన్నాయనీ 2015లో వెల్లడైంది.

ఈ పక్షులు తరతరాలుగా ఆ క్రిములతో కలిసి జీవిస్తున్నవి. ఆ వ్యాధిని ఎన్నడూ ఎరుగని పక్షులకు అది సోకితే ఏమవుతుంది? దీనికి పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల చరిత్ర విషాదకరమైన ప్రత్యుత్తరం ఇస్తుంది. ఆ దీవులలో పూర్వం దోమలే లేవు. 1826లో ఒక ఓడ నీటిపీపాల ద్వారా క్యూలెక్స్ దోమ అక్కడికి చేరింది. తెలుగునాట బోదవ్యాధిని వ్యాపింపజేసేది ఈ జాతి దోమే. తరువాత బయటి నుండి తెచ్చిన పక్షులతో మలేరియా క్రిమి వచ్చింది. స్థానిక పక్షులకు నిరోధకశక్తి అత్యల్పం. ఎర్రని ఈకలు గల ఇఈవీ అనే పక్షిపై జరిగిన ప్రయోగ ఫలితాలు 1995లో వెలువడ్డాయి. వ్యాధిగ్రస్తమైన దోమ ఒక్కసారి కుట్టినా, పదింట తొమ్మిది పక్షులు మరణించాయి. అడవుల నరికివేత, ఎలుకల బెడద, తుఫానులు ఈ నష్టాన్ని మరింత పెంచాయి. కవాయి ఓఓ అనే పక్షి గొంతు 1987లో చివరిసారిగా వినిపించింది. 2023లో అమెరికా ప్రభుత్వం అది అంతరించిపోయిందని నిర్ధారించింది. దాని పాట నేడు ధ్వనిముద్రికలలో మాత్రమే మిగిలి ఉంది.

మిగిలిన పక్షులు చల్లని కొండచరియలను ఆశ్రయించాయి. భూతాపం పెరిగేకొద్దీ దోమలు కూడా పైకి ఎగబాకుతున్నాయి. అయినా ఆశ పూర్తిగా అడుగంటలేదు. అమాకిహి అనే పక్షి కొన్ని లోతట్టు ప్రాంతాలలో మలేరియాను తట్టుకొని తిరిగి వృద్ధి చెందింది. 2023 నుండి మావి దీవిలో వోల్బాకియా అనే బాక్టీరియా గల మగదోమలను విడుదల చేస్తున్నారు. వీటితో జతకట్టిన అక్కడి ఆడదోమల గుడ్లు పొదగవు. మగదోమలు కుట్టవు కనుక వీటి వల్ల వ్యాధి వ్యాపించదు.

ఒక అడవిలో పాట సన్నగిల్లడానికి వ్యాధి ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ అది విచారించి తెలుసుకోవలసిన సంకేతం. పాటను లెక్కించి, రక్తపుచుక్కను పరీక్షించి, ఏళ్ళ తరబడి ఓపికతో వేచిచూసిన శాస్త్రజ్ఞుల శ్రమ వల్లనే ఆ సంకేతానికి అర్థం తెలిసింది. హవాయి అడవులలో ఇంకా పాడుతున్న పక్షులను కాపాడే ప్రయత్నానికి ఆ జ్ఞానమే ఆధారం.

కఠిన పదాలు - అర్థాలు

పరాన్నజీవి : ఇతర జీవిపై ఆధారపడి దాని వల్ల పోషణ పొందే జీవి
కర్ణకఠోరం : వినడానికి చెవులకు బాధ కలిగించేది
శబ్దిని : పక్షులలో ధ్వనిని పుట్టించే అవయవం
ధ్రువపత్రం : నిజమని తెలిపే పత్రం
అడుగంటు : పూర్తిగా నశించు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పక్షుల పాటకూ, ఆరోగ్యానికీ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు నిరూపించిన తీరును వివరించండి.
2. హవాయి దీవుల పక్షులకు వాటిల్లిన ముప్పును, నివారణ ప్రయత్నాలను తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. రోనాల్డ్ రాస్ పరిశోధనలో పిచ్చుకల పాత్ర ఏమిటి?
2. సెడ్జ్ వార్బ్లర్ల అధ్యయనం తరువాత కెనరీలపై ప్రయోగం ఎందుకు అవసరమైంది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కోయిల పాటపక్షుల వర్గానికి చెందుతుందా?
2. హవాయి దీవులకు దోమ ఏ సంవత్సరంలో చేరింది?

IV. సంధులు
వసంతాగమనం = వసంత + ఆగమనం : సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం : యణాదేశ సంధి
అత్యల్పం = అతి + అల్పం : యణాదేశ సంధి

V. సమాసాలు
పక్షిగానం : పక్షి యొక్క గానం - షష్ఠీ తత్పురుష సమాసం
దోమకాటు : దోమ యొక్క కాటు - షష్ఠీ తత్పురుష సమాసం