ఇంటివద్ద కరెంటు కారునకు చార్జి పెట్టు విధము

కరెంటుతో నడచు కార్లు గ్రామములలోనికిని వచ్చుచున్నవి. “ఇంటిలోని ప్లగ్గునకు తగిలించిన చాలదా?” యని సభ్యులు కొందరు ప్రశ్నించుచున్నారు. తగిలించుటకు అనుమతి కలదు. 2018వ సంవత్సరము డిసెంబరులో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖవారు ప్రకటించిన మార్గదర్శకములలోనే గృహములందు చార్జి చేసికొనవచ్చునని యున్నది. అయితే ఆ ప్లగ్గు ఎట్టిది, దాని వెనుకనున్న తీగ ఎట్టిది యని ముందుగా విచారింపవలెను.

బ్యాటరీ యనునది ధాన్యపు గాదె వంటిది. 24 యూనిట్లు పట్టు చిన్న కారునకు 15 ఆంపియర్ల ప్లగ్గునుండి చార్జి పెట్టినచో, ఖాళీ గాదె నిండుటకు సుమారు 8, 9 గంటలు పట్టును. దారిలో కొంత శక్తి వేడియై పోవును గావున మీటరులో 26, 27 యూనిట్లు తిరుగును. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగువానికి రెండు మూడు గంటలు చాలును. ప్రతిరాత్రి ఖాళీ గాదెను నింపవలసిన పని లేదు. పెట్రోలు ఇంజనును, ప్లగ్గుతో చార్జి చేయు బ్యాటరీయును రెండును గల కార్లలో గాదె చిన్నది, సమయమును తక్కువయే. తీగల విషయమున జాగ్రత్త మాత్రము రెంటికిని ఒక్కటే.

ఇస్త్రీ పెట్టె కొద్ది నిమిషములు పనిచేసి ఆగును. కారు రాత్రి యంతయు ఎడతెగక కరెంటును లాగును. తీగలో ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. పాత అల్యూమినియము తీగ, వదులైన ప్లగ్గు, చుట్టగా చుట్టి యుంచిన ఎక్స్‌టెన్షను తీగ, ఇవి నిశ్శబ్దముగా కాలును. గడ్డివాము ప్రక్కనో, పశువుల పాకలోనో కారు నిలిపి చార్జి పెట్టువారు ఈ మాట మరువరాదు. మీటరు బోర్డునుండి కారునకై ప్రత్యేకముగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, దానికి వేరు ఎం.సి.బి.యును, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి.యును పెట్టింపవలెను. ఈ రెండవది మనుష్యునకు షాకు తగిలిన క్షణముననే కరెంటును ఆపును. దీనిని దండుగ ఖర్చని యెంచువారికి నేను కారు కొనవలదనియే చెప్పుదును.

ఎర్తు లేని యింట చార్జి పెట్టనే రాదు. చాల కార్లు ఎర్తు లేనిచో చార్జి తీసికొనవు. అప్పుడు ఎవరో తెలిసినవాడు ప్లగ్గులో ఎర్తును న్యూట్రలుతో కలిపి కారును “ఒప్పించును”. ఇది మిక్కిలి ప్రమాదకరము. బయట న్యూట్రలు తెగినచో కారు ఒడలంతయు కరెంటగును. ఆనుకొన్న పశువునకు ప్రాణాపాయము. పశువు మనకంటె తక్కువ కరెంటునకే పడిపోవును. గొయ్యి తీసి, పైపు దింపి, బొగ్గు ఉప్పు వేసి, ఎండకాలములో నీరు పోయుచుండవలెను.

ఇక బోరు మోటారు మాట. స్టార్టరు డబ్బానుండి ఉచితముగా చార్జి పెట్టవచ్చునని కొందరి యాలోచన. రెండు ఫేజుల నడుమ 400 వోల్టులకు పైగా నుండును. 230 వోల్టుల చార్జరు దానికి తగిలించిన క్షణములో చెడును. ఒక ఫేజును తీసికొని భూమినే న్యూట్రలుగా వాడుట అంతకన్న హీనము. చట్టమును ఒప్పదు. సాగునకిచ్చిన కరెంటును వేరు పనికి వాడుట 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 126వ విభాగము క్రింద అనధికార వినియోగము. తగిన రేటునకు రెట్టింపు వసూలు చేయుదురు. ఎప్పటినుండి వాడినది తేలనిచో పండ్రెండు నెలలకు లెక్కగట్టుదురు.

ఇంటి మీటరు ఒక కిలోవాటు లోడునకే మంజూరై యున్నచో, కారు మూడు కిలోవాట్ల వరకు లాగును గావున, అదనపు లోడునకు ముందే దరఖాస్తు చేయవలెను. నెలకు వేయి కిలోమీటర్లు తిరిగిన సుమారు 150 యూనిట్లు పెరిగి బిల్లు పై శ్లాబునకు పోవును. ఈ లెక్క కారు కొనుటకు ముందు వేసికొనవలసినది. వోల్టేజి 180కి దిగు ఊళ్లలో 9 గంటల పని 11 గంటలకు పైబడును. అట్టిచోట మోటార్లు ఆగిన వేళ చార్జి పెట్టుట మేలు. మొదటి రాత్రి అరగంట కొకసారి ప్లగ్గును చేతితో తాకి చూడుడు. చేయి నిలువనంత వేడియైనచో వెంటనే మెయిను ఆపి, తీగలు మార్పించువరకు మరల పెట్టకుడు.