ఎల్.డి.ఎల్. అంకె: కొలిచిందా, లెక్క కట్టిందా?

గత ఏడాది మన సొసైటీ ఉచిత వైద్య శిబిరానికి ఒక టైలర్ చాచా వచ్చారు. వయసు అరవై దాటింది. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. సంచిలోంచి మడతలు పడిన రిపోర్టు తీసి మా ముందు పెట్టి, "చెడ్డ కొవ్వు 68కి దిగింది బేటా, 70 లోపు ఉంటే చాలన్నారుగా" అన్నారు సంతోషంగా. అంకె దిగింది కదా అని మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. నెలకు కొంత డబ్బు మిగులుతోందట.

శిబిరంలో కూర్చున్న డాక్టరు గారు 68ని వదిలేసి పై వరసలు చదివారు. మొత్తం కొలెస్ట్రాల్ 170, హెచ్.డి.ఎల్. 38, ట్రైగ్లిజరైడ్లు 320. "ఈ 68ని ఎవరూ కొలవలేదు, లెక్క కట్టారు" అన్నారు. ఆ మాట మాకూ కొత్తే. మాన్య దాతలారా, మీరిచ్చే విరాళంలో కొంత రక్త పరీక్షలకు పోతోంది. ఆ లెక్క ఏమిటో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకుని మీ ముందు పెట్టడం మా బాధ్యత అనిపించింది.

కొవ్వు నీళ్లలో కరగదు, రక్తంలో ఎక్కువ భాగం నీరే. అందుకని కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ప్రొటీన్లతో కూడిన సూక్ష్మమైన మూటల్లో ప్రయాణిస్తాయి. వాటినే లిపోప్రొటీన్లు అంటారు. కాలేయం నుంచి బయలుదేరే పెద్ద మూట వి.ఎల్.డి.ఎల్. అందులో ట్రైగ్లిజరైడ్లే ఎక్కువ. దారి పొడవునా వాటిని దించుకుంటూ పోగా చివరకు కొలెస్ట్రాల్ నిండిన ఎల్.డి.ఎల్. మిగులుతుంది. రక్తనాళాల గోడల్లో పేరుకునేది ముఖ్యంగా ఇదే.

మామూలు ల్యాబు యంత్రం మొత్తం కొలెస్ట్రాల్‌ను, హెచ్.డి.ఎల్.ను, ట్రైగ్లిజరైడ్లను కొలుస్తుంది. ఎల్.డి.ఎల్.ను వేరుచేసి కొలవాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో రక్తాన్ని గంటల తరబడి విపరీతమైన వేగంతో తిప్పాలి. అది పరిశోధనాలయాల పని. 1972లో అమెరికాలో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ అనే ముగ్గురు 448 మంది రక్తాన్ని పరిశీలించి ఒక తేలిక దారి చూపించారు. వి.ఎల్.డి.ఎల్.లో ట్రైగ్లిజరైడ్లు అయిదు పాళ్లుంటే కొలెస్ట్రాల్ ఒక పాలు అనుకుందాం అన్నారు. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వి.ఎల్.డి.ఎల్. కొలెస్ట్రాల్ వస్తుంది. దాన్నీ, హెచ్.డి.ఎల్.నూ మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది ఎల్.డి.ఎల్.

కిరాణా దుకాణం నడిపేవారికి ఇది తెలిసిన పద్ధతే. గల్లాలో మొత్తం తెలుసు, బియ్యం అమ్మకం తెలుసు, నూనె అమ్మకం ఉజ్జాయింపుగా వేసుకుంటే మిగిలింది పప్పుల అమ్మకం. నూనె అంచనా వంద రూపాయలు ఎక్కువ వేస్తే పప్పుల లెక్క వంద తగ్గుతుంది. నిజానికి పప్పులు ఎప్పటిలాగే అమ్ముడుపోయి ఉంటాయి.

చాచా రిపోర్టులో జరిగింది ఇదే. 320ని 5తో భాగిస్తే 64. 170లోంచి 38, 64 తీసేస్తే 68. అయితే ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ మూటలో వాటి పాళ్లు అయిదు దాటి ఆరు, ఏడు అవుతాయి. అప్పుడూ 5తోనే భాగిస్తే తీసివేత ఎక్కువై, ఎల్.డి.ఎల్. ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆ ముగ్గురిని తప్పుపట్టడానికి లేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదని వాళ్లే హెచ్చరించారు. పైగా స్టాటిన్ మాత్రలు బజారులోకి వచ్చింది 1987లో. 1972లో ఎల్.డి.ఎల్.ను 70 లోపుకు తేవాలన్న లక్ష్యమే లేదు. 160 దగ్గర పది అటూ ఇటూ అయితే పెద్ద నష్టం లేదు, 70 దగ్గర పది తేడా వస్తే మందు మోతాదే మారిపోతుంది.

2013లో అమెరికాలో 13 లక్షలకు పైగా పెద్దల నమూనాలతో ఈ పాత లెక్కను సరిచూశారు. ఎల్.డి.ఎల్. 70 కంటే తక్కువని లెక్క చెప్పినవారిలో, ట్రైగ్లిజరైడ్లు 200 నుంచి 399 మధ్య ఉన్నవారిని వేరుగా తీసి చూస్తే, నూటికి 59 మందికి నేరుగా కొలిచినప్పుడు 70 లేదా అంతకు మించి వచ్చింది. ఈ అంకె దగ్గర మేము కాసేపు ఆగిపోయాం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్.డి.ఎల్. తక్కువ అన్న జోడీ మన దేశంలో, అందులోనూ షుగరు ఉన్నవారిలో, తరచుగా కనిపించేదే.

కొత్త సూత్రాలు వచ్చాయి. 2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఇచ్చినది ఒకటి. అది 5 అన్న స్థిర అంకె బదులు మనిషిని బట్టి మారే అంకెను వాడుతుంది. 2020లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి సాంప్సన్ సూత్రం వచ్చింది. దాని ప్రకారం చాచా ఎల్.డి.ఎల్. 80. నేరుగా కొలుస్తామనే కిట్లూ ఉన్నాయి గాని వాటి ఖరీదు ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగిన రక్తంలో అవీ తడబడతాయి, కంపెనీ కంపెనీకీ అంకె మారుతుంది. అందుకే ఈ ఏడాది వాటి కోసం మిమ్మల్ని డబ్బు అడగడం లేదు.

పైసా ఖర్చులేని దారి ఒకటుంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్.డి.ఎల్. తీసేయడమే. దీన్ని నాన్ హెచ్.డి.ఎల్. అంటారు. ట్రైగ్లిజరైడ్లతో ఇందులో పనిలేదు, ఉజ్జాయింపూ లేదు. ఎల్.డి.ఎల్. లక్ష్యం 70 అయితే దీని లక్ష్యం 100. చాచాకు 170లోంచి 38 పోగా 132. 68 చూసి నిశ్చింతగా ఉన్న మనిషికి ఈ 132 ఎవరూ చూపించలేదు.

పరగడుపు సంగతి. భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు సగటున 26 మిల్లీగ్రాములు పెరుగుతాయి. చాలామందికి అది పెద్ద తేడా కాదు గనుక, పరీక్షకు ప్రతిసారీ పరగడుపున రానక్కరలేదని 2016లో యూరప్ నిపుణుల సంఘాలు చెప్పాయి. ముందే ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారి మాట వేరు. రాత్రి వలీమాలో బిర్యానీ తిని పొద్దున్నే రక్తం ఇస్తే వాళ్ల లెక్క ఇంకా తప్పుతుంది. రంజాన్‌లో మరో పొరపాటు జరుగుతుంది. రోజాలో ఉన్నాం కాబట్టి పరగడుపే అనుకుని ఉదయం తొమ్మిదికి వస్తారు. సహరీ ముగిసి అప్పటికి నాలుగైదు గంటలే. ల్యాబువాళ్లు అడిగేది పది పన్నెండు గంటలు.

చాచాకు రిపోర్టు ఇచ్చిన ల్యాబుకు ఫోను చేసి ఏ సూత్రం వాడుతున్నారని అడిగాం. "అది కంప్యూటరే వేస్తుందండీ" అన్నారు. కంప్యూటరుకు ఆ సూత్రం ఎవరో ఒకరు ఎక్కించి ఉంటారుగా! ఇప్పుడు మన శిబిరం చీటీ మీద నాన్ హెచ్.డి.ఎల్. అంకెను మా వాలంటీర్లు చేత్తో రాస్తున్నారు. ఎల్.డి.ఎల్. పక్కన సూత్రం పేరు అచ్చువేయాలని మాకు పరీక్షలు చేసే ల్యాబును కోరాం, ఒప్పుకున్నారు. మీ ఇంట్లో పాత రిపోర్టులుంటే ఒకసారి బయటకు తీయండి. ట్రైగ్లిజరైడ్లు 200 దాటి, ఎల్.డి.ఎల్. 70కి అటూ ఇటూగా ఉంటే ఆ కాగితాన్ని డాక్టరుకు మళ్లీ చూపించండి. మందు మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

చాచా మాత్ర మళ్లీ రోజూ మొదలుపెట్టారు. రాత్రి పొద్దుపోయి తినడం మానేశారు. మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. మొత్తం 142, హెచ్.డి.ఎల్. 39, ట్రైగ్లిజరైడ్లు 190. పాత లెక్కలో ఎల్.డి.ఎల్. 65. "ఇంత కష్టపడితే మూడే దిగిందా?" అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. చీటీ తిప్పి చేత్తో రాసిన అంకె చూపించాం. 132 ఉన్నది 103 అయింది. "అయితే ఇంకా మూడు, నాలుగు దిగాలి" అంటూ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.