రాతి గోడపై రంగుల కాంతి

పాఠ్యాంశ ఉద్దేశం: భవనాల ముఖభాగాలపై కాంతితో దృశ్యాలను ప్రదర్శించే కళ వెనుక ఉన్న గణితాన్ని, ప్రణాళికను, వివేకాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

గోడ ఉంటేనే చిత్రం అన్నది మన పెద్దలు చెప్పిన లోకన్యాయం. తెలుగువారి తోలుబొమ్మలాటలో తెల్లని తెర కట్టి, దాని వెనుక దీపాలు వెలిగించి, బొమ్మల నీడలను ఆడిస్తారు. ఆ తెర ఆట కోసమే కట్టినది. వెలుగును స్వీకరించడం తప్ప దానికి వేరే పని లేదు. కోటగోడ గాని, నాట్యశాల కప్పు గాని అటువంటిది కాదు. దానిని నిర్మించినవారు ఉన్నారు, దానికి ఒక చరిత్ర ఉంది, దానిని తమదిగా భావించే ప్రజలు ఉన్నారు. భవనంపై కాంతి ప్రదర్శనకు పూనుకొనేవారు మొదట గుర్తుంచుకోవలసిన భేదం ఇదే.

చారిత్రక కట్టడాలను వెలుగుతో, ధ్వనితో పలికించే ప్రయత్నం ఫ్రాన్సు దేశంలో ఆరంభమైంది. 1952లో షాంబోర్ రాజప్రాసాదంలో పోల్ రాబేర్ ఊడాన్ తొలి ‘ధ్వని–కాంతి’ ప్రదర్శనను రూపొందించాడు. రంగు దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉండగా, సంగీతం, వ్యాఖ్యానం తోడై ఆ ప్రాసాదం తన కథను తానే చెప్పుకొన్నట్లు తోచింది. గోల్కొండ కోటలోని ధ్వని–కాంతి ప్రదర్శన ఈ సంప్రదాయానికి చెందినదే. డిజిటల్ ప్రొజెక్టర్లు శక్తిమంతమైన తరువాత, కేవలం రంగు వెలుగులకు బదులు కదిలే చిత్రాలనే గోడలపై ప్రసరింపజేయడం సాధ్యమైంది.

ఈ పని కొలతతో మొదలవుతుంది. భవనం ముఖభాగం సినిమా తెర వలె చదునుగా ఉండదు. కిటికీలు లోపలికి ఉంటాయి. స్తంభాలు, చూరులు ముందుకు పొడుచుకొని వస్తాయి. అందువల్ల నిపుణులు లేజర్ పరికరాలతో గోడను అణువణువునా కొలిచి, కంప్యూటరులో దాని ప్రతిరూపాన్ని నిర్మిస్తారు. చిత్రకారులు ఆ ప్రతిరూపాన్ని బట్టే దృశ్యాలను గీస్తారు. స్తంభంపై తీగ పాకాలంటే ఆ తీగ సరిగ్గా స్తంభం అంచువద్దనే ఆగాలి. ప్రదర్శనకు ముందు రాత్రులలో గళ్ల గీతలను గోడపై ప్రసరింపజేసి, గీత వంగిన చోటల్లా చిత్రాన్ని సవరిస్తారు.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. 30 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల ఎత్తు గల గోడ ఉన్నదనుకొందాం. ఒక్కొక్కటి 16 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు గల చిత్రాన్నిచ్చే ప్రొజెక్టర్లు నాలుగు కావాలి. వరుసకు రెండు చొప్పున రెండు వరుసలుగా చిత్రాలను పేర్చి, అంచులను 2 మీటర్ల మేర ఒకదానిపై ఒకటి పడేటట్లు చేస్తారు. అతుకు కనబడకుండా ఆ భాగంలో రెండు చిత్రాల వెలుగును క్రమంగా తగ్గిస్తారు. ప్రొజెక్టరు వెలువరించే మొత్తం వెలుగును ల్యూమెన్లలోను, చదరపు మీటరుపై పడే వెలుగును లక్సులలోను కొలుస్తారు. 20,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు వెలుగు 160 చదరపు మీటర్లపై పరచుకొంటే గోడకు అందేది 125 లక్సులు. సున్నం వేసిన తెల్లని గోడ ఇందులో అధికభాగాన్ని ప్రేక్షకునికి తిరిగి ఇస్తుంది; నల్లరాతి గోడ అధికభాగాన్ని తానే మింగివేస్తుంది. కనుక యంత్రాల సంఖ్యను నిర్ణయించడంలో గోడ విస్తీర్ణంతో పాటు దాని రంగునూ లెక్కించాలి.

యంత్రాన్ని ఎక్కడ నిలపాలన్నదీ లెక్కే. దూరాన్ని చిత్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని బట్టి కటకాన్ని ఎంచుకొంటారు. ఆ నిష్పత్తి 2 అయితే, 16 మీటర్ల వెడల్పు చిత్రానికి ప్రొజెక్టరు 32 మీటర్ల దూరంలో ఉండాలి. అంత దూరం నుండి యంత్రం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా గోడపై చిత్రం అర మీటరుకు పైగా జరిగిపోతుంది. తీగ స్తంభాన్ని విడిచి కిటికీపైకి పాకుతుంది. అందుకే గాలికి కదలని దృఢమైన మంచెలు, వానకు తడవని పెట్టెలు, విద్యుత్తు ఆగితే ఆదుకొనే జనరేటర్లు అవసరమవుతాయి. ఇంకొక సత్యం గమనించదగినది. నలుపును ప్రసరించే యంత్రం లేదు. చిత్రంలో నలుపు అంటే వెలుగు పడని చోటు మాత్రమే. చుట్టూ వీధిదీపాలు వెలుగుతుంటే ఆ నలుపు బూడిదరంగవుతుంది. కాబట్టి చీకటిని సంపాదించుకోవడం కూడా ప్రణాళికలో భాగమే.

ఇంత చేసినా ప్రణాళిక పూర్తి అయినట్లు కాదు. ‘ఎట్లా చూపాలి’ అన్న ప్రశ్నకు గణితం సమాధానం చెబుతుంది. ‘ఏమి చూపాలి’ అన్న ప్రశ్నకు వివేకం సమాధానం చెప్పాలి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఆపెరా హౌస్ ఉదంతం ఇందుకు నిదర్శనం. డెన్మార్కు వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ రూపకల్పన చేసిన ఈ భవనం 1973లో ప్రారంభమైంది. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెరచాపలను తలపించే దాని కప్పులపై పది లక్షలకు పైగా పింగాణీ పలకలున్నాయి. 2009లో ఆరంభమైన ‘వివిడ్ సిడ్నీ’ ఉత్సవంలో బ్రయన్ ఈనో అనే కళాకారుడు ఆ తెరచాపలను రంగుల కాంతితో అలంకరించాడు. తరువాతి సంవత్సరాలలో ఎందరో కళాకారులు ఆ పరంపరను కొనసాగించారు. ప్రజలు ఆనందించారు.

అదే తెరచాపలపై 2018 అక్టోబరులో ఒక గుర్రపు పందెం ప్రచారానికి సంబంధించిన దృశ్యాలను చూపాలన్న ప్రతిపాదన వచ్చింది. భవన నిర్వాహకులు అభ్యంతరం తెలిపారు. పర్యాటకానికి మేలు జరుగుతుందని వాదించిన రాష్ట్ర ప్రభుత్వం ప్రదర్శన జరపవలసిందిగా ఆదేశించింది. సుమారు మూడు లక్షల మంది వ్యతిరేకిస్తూ సంతకాలు చేశారు. ప్రదర్శన జరిగిన రాత్రి వందలాది ప్రజలు అక్కడికి చేరి, చేతి టార్చిలైట్ల వెలుగును ఆ తెరచాపలపైకి తిప్పి నిరసన తెలిపారు. ఆ దృశ్యాల వల్ల ఒక్క పలక కూడా చెదరలేదు. కొద్ది నిమిషాలలో వెలుగు ఆరిపోయింది. అయినా తమ ఉమ్మడి సొత్తును ప్రకటనల పలకగా మార్చారన్న బాధ ప్రజలలో మిగిలింది. గోడపై గీత పడకపోవడమొక్కటే నిర్దోషిత్వానికి రుజువు కాదని ఆ రాత్రి తెలియజేసింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. బోస్టన్ నగరంలోని చార్లెస్టౌన్ ప్రాంతంలో 1775 నాటి యుద్ధానికి గుర్తుగా నిర్మించిన బంకర్ హిల్ స్మారకస్తంభం ఉంది. ఆ ప్రాంతంలో హత్యలు జరిగినా, భయం వల్ల సాక్ష్యం చెప్పేవారు ఉండేవారు కాదు. పోలండులో జన్మించిన క్రిజిస్తోఫ్ వొడిచ్కో అనే కళాకారుడు 1998లో, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల ముఖాలను, చేతులను ఆ స్తంభంపై ప్రసరింపజేసి, వారి మాటలను వినిపించాడు. స్వేచ్ఛ కోసం నిలిపిన రాయి, మాట్లాడే స్వేచ్ఛ కోల్పోయినవారి గొంతు అయింది. అక్కడ వెలుగు ఆ కట్టడం అర్థాన్ని కప్పివేయలేదు. దానిని వర్తమానానికి తీసుకువచ్చింది.

మన దేశంలోనూ కోటలపై, చారిత్రక భవనాలపై ఇటువంటి ప్రదర్శనలు జరుగుతున్నాయి. ప్రొజెక్టర్లను అద్దెకు తెచ్చుకోవచ్చు, కొలతలను నేర్చుకోవచ్చు. కాని ఆ కట్టడం ఎవరి శ్రమతో లేచింది, ఎవరి జ్ఞాపకాలను మోస్తున్నది, రేపు ఉదయం దాని ముందు నుండి నడిచిపోయే మనిషి దానిని ఏ దృష్టితో చూస్తాడు అన్న ప్రశ్నలకు ముందుగా సమాధానం వెతుక్కోవాలి. దీపం ఆర్పిన తరువాత గోడ యథాతథంగా నిలుస్తుంది. చూసినవారి మనస్సులో దాని గౌరవం తగ్గకుండా చూడడం ప్రణాళికలో తొలి అంశం కావాలి.

ప్రశ్నలు

1. తోలుబొమ్మలాట తెరకు, చారిత్రక భవనం గోడకు గల భేదమేమి?
2. ‘నలుపును ప్రసరించే యంత్రం లేదు’ అన్న వాక్యాన్ని వివరించండి.
3. సిడ్నీ, చార్లెస్టౌన్ ఉదంతాలను పోల్చి, మీ అభిప్రాయాన్ని రాయండి.
4. మీ ప్రాంతంలోని ఒక పాత కట్టడంపై కాంతి ప్రదర్శన జరపవలసి వస్తే ఏ దృశ్యాలను ఎంచుకొంటారు? ఎందుకు?