రాయని గంటలు

గాజువాక,
ఆదివారం

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో పెడితే చదవకుండా దండం బొమ్మ పెట్టి ఊరుకుంటావని కాగితం మీద రాస్తున్నాను. చేతిరాత అర్థం కాకపోతే మీ అమ్మకి ఫోన్ చెయ్యి, చదివి పెడుతుంది.

మొన్న పెళ్ళిలో బంతి దగ్గర కూర్చుని, "ఉగ్రవాదికి మర్యాదలేంటి, లోపలేసి నాలుగు తగిలిస్తే నిజం వాడే కక్కుతాడు" అన్నావట. పక్కవాళ్ళు శభాష్ అన్నారట. మీ అమ్మ ఆ మాట మురిపెంగానే చెప్పింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీ కోపం నాకు తెలియనిది కాదు నాన్నా. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో కాల్చి చంపిన 26 మందిలో మన విశాఖ మనిషీ ఒకడు. ఆవేళ నేనూ పళ్ళు కొరికాను. మరుసటి నెలలోనే పక్కనున్న విజయనగరంలో ఒక కుర్రాణ్ణి బాంబుల కేసులో పట్టుకున్నారు. టీ కొట్టు దగ్గర జనం పేపరు మడిచేలోపే వాడికి ఉరి వేసేశారు. ఆ కేసు కోర్టులో ఉంది, నేను మాట్లాడను. టీ కొట్టువాళ్ళు ఏమన్నా పరవాలేదు కూడా, వాళ్ళ చేతిలో లాఠీ లేదు. రేపు భుజం మీద రెండు నక్షత్రాలతో స్టేషన్‌లో కూర్చునేది నువ్వు.

హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు సంగతి మీ అనంతపురం పోలీసు ట్రైనింగులో చెప్పారో లేదో. 2007 మే 18, శుక్రవారం. బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. మూడు నెలలకే లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో మళ్ళీ పేలుళ్ళు. ఊరంతా వణికిపోయింది, పైనుంచి ఒత్తిడి. పాతబస్తీ కుర్రాళ్ళను పదుల సంఖ్యలో ఎత్తుకెళ్ళారు. ఊరి బయట ఎక్కడెక్కడో ఉంచి, కరెంటు షాకులిచ్చి ఒప్పుకోమన్నారని వాళ్ళు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున రవిచందర్ అనే న్యాయవాది జైలుకెళ్ళి వాళ్ళను చూసి, హింస జరిగిందనే నివేదిక ఇచ్చాడు. మసీదు పేలుడుకు ముడిపెట్టే ఆధారం దొరక్క కుట్ర కేసులు పెడితే, అవీ కోర్టులో నిలబడలేదు. 2012లో ప్రభుత్వమే సుమారు 70 మందికి 70 లక్షల దాకా పరిహారం పంచింది. మంచి నడవడి సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది! కరెంటు పెట్టాక సర్టిఫికెట్టు. ఆ పరిహారం చెల్లదని మళ్ళీ 2013లో హైకోర్టు కొట్టేసింది.

అక్కడితో అయిందా? దర్యాప్తు సీబీఐకీ, తర్వాత ఎన్‌ఐఏకీ వెళ్ళింది. వాళ్ళు పూర్తిగా వేరే దిక్కున వేరేవాళ్ళను పట్టుకున్నారు. అందులో స్వామి అసీమానంద 2010 డిసెంబరులో మేజిస్ట్రేటు ముందు ఒప్పుకున్నాడు, తర్వాత బలవంతంగా చెప్పించారని వెనక్కి తీసుకున్నాడు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి కోర్టు విచారణ ఎదుర్కొన్న నిందితులు అయిదుగుర్నీ వదిలేసింది. నమాజుకెళ్ళి చచ్చిపోయిన ఆ తొమ్మిది మంది తరఫున ఇవాళ్టికీ ఒక్కడికి శిక్ష పడలేదు. మొదటి నెలల్లో తప్పు మనుషుల్ని చితకబాదుతూ గడిపిన కాలమంతా అసలువాళ్ళకు కలిసొచ్చిన కాలమే కదరా.

నేను పోర్టులో టాలీ క్లర్కుగా చేశానని నీకు తెలుసు. స్లింగులో ఎన్ని పెట్టెలు దిగాయి, ఏ హ్యాచ్ నుంచి, ఎన్ని గంటలకు — గీత గీసి రాయడమే నా ఉద్యోగం. చేరిన కొత్తలో యుద్ధం. 1971 డిసెంబరు, మన రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజులు. బ్లాక్‌అవుట్ కదా, బీడీ వెలిగించినవాడల్లా గూఢచారే. మా వీధిలో ఓ పిచ్చివాణ్ణి పట్టుకుని పాకిస్తాన్‌కి సిగ్నల్ ఇస్తున్నాడని కుళ్ళబొడిచారు. వాడూ ఔనన్నాడు. ఏమడిగినా ఔననేవాడే పాపం, చంద్రుణ్ణి నువ్వే పెట్టావా అన్నా ఔననేవాడు.

అది వదిలెయ్. చెప్పాలనుకున్నది బేరింగుల పెట్టె సంగతి. ఆ తర్వాత రెండు మూడేళ్ళకు ఓడలోంచి దిగాల్సిన ఓ బేరింగుల పెట్టె కనబడలేదు. నైట్ షిఫ్టు కలాసీ ఒకణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. మూడో రోజుకి ఒప్పేసుకున్నాడు, పూర్ణా మార్కెట్ వైపు పాత ఇనుము కొట్లో అమ్మేశానన్నాడు. కొట్టువాణ్ణి పట్టుకొచ్చి తన్నారు, అవును కొన్నాను అన్నాడు. చూడు, రెండు సాక్ష్యాలు అతికినట్టు కుదిరాయి! నా టాలీ షీట్‌లో ఆ పెట్టె దిగినట్టు గీతే లేదు. ఆ షీట్ పట్టుకుని వెళ్తే, వాడే ఒప్పుకున్నాక నీ గీతలెవడికి కావాలి అన్నారు. నెల తిరక్కుండా కలకత్తా నుంచి కబురొచ్చింది. పెట్టె మన దగ్గర దిగనే లేదు, ఓడలోనే ఉండిపోయి అక్కడ తేలింది. కలాసీని వదిలేశారు గానీ వాడి కుడిచెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు.

బుజ్జీ, మోకాలు ఎలా ఉంది? నువ్వు బీచ్ రోడ్డులో 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తుంటే వాచీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి, ఏ కాలు కుంటుతున్నావో నాకు తెలుసు. పరేడ్ అని ఓర్చుకోకు, డాక్టరుకి చూపించు.

మళ్ళీ గంటల దగ్గరికే వస్తాను, మీ అమ్మమ్మ చాదస్తం అన్నా సరే. మనిషిని ఇంటి దగ్గర తీసుకెళ్ళిన టైము ఒకటి, కాగితం మీద అరెస్టు చూపించే టైము ఒకటి. "ఫలానా బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అని రాస్తారే, ఆ వాక్యం నీకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది. చిత్రహింస అంతా ఆ రెండు టైముల మధ్యనే జరుగుతుంది. ఎవడూ జనరల్ డైరీలో "రాత్రి పదకొండుకి కరెంటు పెట్టాం" అని రాయడు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగమే చెప్పింది. అరెస్టు మెమోలో తేదీ, టైము వెయ్యాలనీ, ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలనీ, 48 గంటలకోసారి డాక్టరు చూడాలనీ 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని తెల్లదొరలు రాసుకున్న చట్టంలోనే ఉంది, కొత్త చట్టమూ దాన్ని తియ్యలేదు. తెల్లవాడికే మన లాకప్పుల మీద అంత నమ్మకం!

మరి ఎక్కడో బాంబు పెట్టి ఉంది, వీడికి తెలుసు, గంటే టైముంది, అప్పుడేం చెయ్యాలి తాతయ్యా అంటావు. అడుగుతావని తెలుసు. దెబ్బలకు ఒక్కోసారి నిజమే రావచ్చు, నేను కాదనను. కానీ వీడికి తెలుసని నీకెలా తెలుసు? తెలిసినవాడు ఏదో ఒక అబద్ధపు అడ్రసు చెప్పి గంట గడిపేస్తాడు. ఏమీ తెలియనివాడి దగ్గరే నిన్ను ఆపడానికి మాట ఉండదు. అందుకే ఎక్కువ దెబ్బలు తినేది వాడే. అమెరికావాళ్ళు ఈజిప్టుకి అప్పగించిన అల్ లిబీ అనేవాడు అక్కడి దెబ్బలకు తాళలేక, ఇరాక్ సద్దాం అల్‌ఖైదాకి విషాయుధాల శిక్షణ ఇచ్చాడన్నాడు. ఆ మాటే 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో చదివాడు. తర్వాత అల్ లిబీ అది అబద్ధమన్నాడు. అప్పటికి ఇరాక్ మీద యుద్ధం కూడా మొదలైపోయింది.

ఒకవేళ ప్రతిసారీ నిజమే వచ్చినా నేను ఒప్పుకోను. కట్టేసి ఉన్న మనిషి ఎవడైనా సరే, వాణ్ణి హింసించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. మన దేశం హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి, ఇంతవరకూ దాన్ని ఖరారు చెయ్యలేదు. దానికోసం పెట్టిన బిల్లు 2010లో లోక్‌సభ దాటి, రాజ్యసభలో ఆగిపోయింది. ఢిల్లీ సంగతి మన చేతిలో లేదు. నీ చెయ్యి నీ చేతిలోనే ఉంది.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్న మనవాళ్ళ అబ్బాయితో మీ అమ్మమ్మ మాడుగుల హల్వా పంపుతోంది. ఒక్కడివే తినేయకు, రూములోవాళ్ళకీ పెట్టు. ఆవిడకు ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు, నువ్వూ అనకు.

పోస్టింగు ఎక్కడ పడినా, నీ మొదటి అరెస్టు మెమోలో టైము మాత్రం స్టేషన్ రైటరుకి వదలొద్దు. మనిషి మీద చెయ్యి పడ్డ నిమిషం చూసుకుని నువ్వే నీ చేత్తో రాయి. అది మార్చమని పై అధికారి అడిగితే, లిఖితపూర్వకంగా ఇమ్మను.

ఆశీస్సులతో,
తాతయ్య