ఉప్పునీటి తొట్టికి నురుగు రాతిగోడ

పెరటిలో కోళ్లను, తేనెటీగలను పెంచినట్లే అలంకార చేపలను పెంచి ఆదాయము పొందువారు నేడు పలువురు కలరు. వారిలో కొందరు మంచినీటి చేపలతో ఆగక, క్లౌన్ చేప వంటి సముద్రపు చేపలను గూడ చేపట్టుచున్నారు. ఈ చేపలు పగడపు దిబ్బల సందులలో బ్రతుకునవి. చాటు లేని గాజుతొట్టిలో అవి బెదరును, మేత సరిగా తినవు, ఒకదానినొకటి తరుముకొని నీరసించును. కావున తొట్టిలో రాతిగుట్టలను, గుహలను కల్పించుట వేడుక కొరకు మాత్రమే కాదు. చేపల ఆరోగ్యమునకు గూడ అవసరము.

పగడపు రాయి ఏల కూడదు?

సముద్రమునుండి పగడపు రాళ్లను తెచ్చి తొట్టిలో పేర్చు అలవాటు పూర్వము ఉండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము యొక్క మొదటి షెడ్యూలులో 2001వ సంవత్సరమున రాతిపగడములన్నియు చేర్చబడినవి. వాటిని సేకరించుట, అమ్ముట, కొనుట జైలుశిక్షకు తగిన నేరము. ఒడ్డున దొరికిన ముక్కయే గదా అని తెచ్చుకొనరాదు. పైగా పగడపు దిబ్బ చెడిన చోట చేపల సంతతియే తరిగిపోవును. దిబ్బను పాడుచేసి తొట్టిని అలంకరించుట విత్తనపు ధాన్యమును వండుకొని తినుట వంటిది. నురుగుతో గోడను మీరే చేసుకొన్నచో ఈ చిక్కు ఉండదు. తొట్టి అడుగుపై రాళ్ల బరువు గూడ తగ్గును.

కావలసిన వస్తువులు

1. నీటితొట్లకు, చేపల కొలనులకు తగినదని డబ్బాపై వ్రాసియున్న పాలియురిథేన్ నురుగు. ఇది సాధారణముగా నల్లగా ఉండును.
2. దీపముల క్రింద అమర్చు ప్లాస్టిక్ గళ్ల పలక.
3. పి.వి.సి. గొట్టపు ముక్కలు, ప్లాస్టిక్ కట్లు.
4. బూజు నివారణ మందు కలపని సిలికోన్.
5. బాగుగా కడిగి ఎండబెట్టిన రాతిముక్కలు, ఇసుక.
6. చేతి తొడుగులు, కంటి అద్దములు.

మంటను ఆపుటకు ప్రత్యేకముగా చేసిన నురుగును వాడరాదు. ఇనుప మేకులను, రాగి తీగను ఎక్కడను వాడవద్దు. రాగి కొంచెము నీటిలో కరిగినను రొయ్యలు, నత్తలు మొదలగునవి చనిపోవును.

గోడను చేయు విధము

తొట్టి వెనుక గాజు లోపలి కొలతలను తీసి, గళ్ల పలకను అన్ని వైపుల ఒక సెంటీమీటరు తక్కువగా కోయవలెను. తొట్టిపై అడ్డుపట్టీ ఉన్నచో గోడ దానిని దాటి లోపలికి దిగునా అని ముందే చూచుకొని, అవసరమైన పలకను రెండు ముక్కలుగా చేయవలెను. నీటి పంపునకు, నీరు పొర్లిపోవు మార్గమునకు చోటు విడువవలెను.

పలకను పాలిథిన్ గుడ్డపై పరచి, గుహలు కావలసిన చోట గొట్టపు ముక్కలను, అక్కడక్కడ రాతిముక్కలను కట్టవలెను. పలకపై నీటిని తుంపరగా చల్లి, డబ్బాను బాగుగా ఊపి, క్రిందినుండి పైకి పలుచని వరుసలుగా నురుగును వేయుడు. నురుగు తేమను పీల్చుకొని ఉబ్బి గట్టిపడును. ఒక్కసారి మందముగా వేసినచో లోపలి భాగము పచ్చిగా మిగిలిపోవును. అందువలన ఒక వరుస గట్టిపడిన పిమ్మట, మరల నీరు చల్లి రెండవ వరుస వేయవలెను.

ఈ పని గాలి ఆడు చోట చేయుడు. పచ్చి నురుగు ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు. డబ్బాలోని వాయువు మండు స్వభావము గలది. దగ్గర పొయ్యి, బీడీ, చుట్ట ఉండరాదు.

ఒక పూర్తి దినము ఆరిన తరువాత కత్తితో పైపొరను చెక్కి, గుంటలు, అరలు తీర్చవలెను. చెక్కిన చోట సిలికోన్ పలుచగా రాసి, పొడి ఇసుకను చేతితో అద్దినచో నిజమైన రాయివలె కనబడును.

గోడ తేలకుండుటకు

చాలమంది చెడగొట్టుకొనునది ఇక్కడనే. 90 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు, 5 సెంటీమీటర్ల మందము గల గోడ 18 లీటర్ల చోటును ఆక్రమించును. నురుగు బరువు అత్యల్పము గనుక నీరు దానిని సుమారు 17 కిలోల బలముతో పైకి నెట్టును. నీరు నింపిన తరువాత అతుకు ఊడినచో గోడ లేచి, పంపును, చేపలను, ఒక్కొక్కప్పుడు గాజును గూడ దెబ్బతీయును.

కావున ఖాళీ తొట్టిని వెనుకకు పరుండబెట్టి, గాజును స్పిరిట్‌తో తుడిచి, పలక వెనుక సిలికోన్ ధారాళముగా పెట్టి, గోడను అదిమి పైన బరువులు ఉంచవలెను. అంచులన్నియు మూయవలెను, లేనిచో చేపలు వెనుకకు దూరి చిక్కుకొనును, మురికి చేరి నీరు చెడును. పులిసిన వాసన పూర్తిగా పోవువరకు, కనీసము ఒక వారము ఆరనీయుడు. ఆక్రిలిక్ తొట్టికి సిలికోన్ సరిగా పట్టదు. ఈ పద్ధతి గాజుతొట్టికి మాత్రమే తగినది.

నీరు, చేపలు

మొదట మంచినీరు నింపి, వారము రోజులలో మూడు నాలుగు మార్లు మార్చి పారబోయవలెను. తరువాత సముద్రపు ఉప్పు మిశ్రమముతో నీటిని సిద్ధము చేయవలెను. వెయ్యి పాళ్లకు 35 పాళ్ల లవణము, 25 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, 8.1 నుండి 8.4 వరకు పి.హెచ్. ఉండవలెను. వంట ఉప్పు పనికిరాదు.

నురుగు లోపల సూక్ష్మజీవులకు చోటు లేదు. సహజమైన రాయి చేయు శుద్ధి పనిని ఈ గోడ చేయలేదు. అందుచేత రంధ్రములు గల పింగాణి ముక్కలతో వేరుగా వడపోత పెట్టవలెను. చిటికెడు మేత వేసి తొట్టిని నడుపుచు, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు చేయుడు. ముందు అమ్మోనియా, పిదప నైట్రైట్ పెరిగి, రెండును సున్నకు దిగిన తరువాతనే చేపలను వదలవలెను. దీనికి సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును. తొందరపడినవారు చేపల వెలను నీటిపాలు చేసికొందురు.

మందు వేయవలసి వచ్చినపుడు గోడ ఆక్రమించిన చోటును లెక్కనుండి తీసివేయుడు. 90, 45, 45 సెంటీమీటర్ల తొట్టిలో 182 లీటర్లు పట్టవలసి యుండగా, పై గోడ ఉన్నచో 164 లీటర్లే పట్టును.

క్లౌన్ చేపలు చదునైన గట్టి తలముపై గ్రుడ్లు పెట్టును. గోడ అడుగున ఒక అర చెక్కి, అందులో మట్టి పెంకును వదులుగా నిలిపినచో, గ్రుడ్లు పెట్టిన పెంకును తీసి పిల్లల తొట్టిలోనికి మార్చుకొనవచ్చును. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు ఈ చేపలను తొట్లలోనే ఈనించి పెంచు పద్ధతిని రూపొందించియున్నారు. సముద్రమునుండి పట్టినవాటికి బదులు, అట్లు పెంచిన పిల్లలనే రసీదుతో కొనుడు.

మొదట ఒక్క తొట్టికి గోడ కట్టి, ఒక నెల గమనించి, అతుకు నిలిచినదని తెలిసిన తరువాతనే మిగిలిన తొట్లకు పూనుకొనుడు. సందేహములున్నచో మీ ప్రాంతపు మత్స్యాభివృద్ధి అధికారిని సంప్రదింపుడు.