తుంటి మార్పిడి: ఆపరేషన్ కంటే ముందు కాల్‌షీట్ లెక్క

కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా కుంటుతూ పనికొచ్చేవాళ్లు తక్కువేం లేరు. అడిగితే నడుం పట్టేసిందంటారు, సయాటికా అంటారు, మొన్న ఔట్‌డోర్‌లో కాలు బెణికిందంటారు. తుంటి అరిగిందని మాత్రం బయటపెట్టరు. పెడితే తర్వాతి సినిమాకి మేనేజర్ దగ్గర్నుంచి ఫోన్ రాదని భయం. ఆ భయంలో నిజం ఉంది కాబట్టి దాన్ని వదిలేయమని చెప్పను. దాన్ని కూడా లెక్కలో వేసుకునే తుంటి మార్పిడి ఎప్పుడు చేయించుకోవాలో, మళ్లీ పనికి ఎలా రావాలో చూద్దాం. థియేటర్లో ఆపరేషన్ గంటన్నర, రెండు గంటల పని. దాని వెనకాల వచ్చే మూడు నెలలే అసలు షెడ్యూల్. మనవాళ్లు దెబ్బతినేది అక్కడే.

ముందు నొప్పి ఎక్కడిదో తేల్చుకోండి. తుంటి కీలు పాడైతే నొప్పి ఎక్కువగా గజ్జల్లో వస్తుంది. తొడ ముందు భాగంలోకి దిగుతుంది, ఒక్కోసారి మోకాలి దగ్గరే తెలుస్తుంది. అందుకే మోకాలికి ఎక్స్‌రే తీయించుకుని, బాగానే ఉందని ఇంటికొచ్చి, ఏడాదిపాటు మోకాలికి బామ్ రాసుకునేవాళ్లున్నారు. సాక్స్ వేసుకోవడం, కాలి గోళ్లు తీసుకోవడం కష్టమవుతోందా? బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నారా? యూనిట్ వ్యాన్ ఎక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి పెట్టుకుంటున్నారా? అయితే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లి తుంటి చూడమని మీరే అడగండి.

నలభై దాటకుండానే తుంటి పోయేవాళ్లలో మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఏవీఎన్. తొడ ఎముక తలకి రక్తం అందక, ఎముక లోపల చచ్చిపోయి, మెల్లగా కుంగిపోతుంది. పెద్ద కారణాలు రెండు, స్టెరాయిడ్లు, మద్యం. పాత ఫ్రాక్చర్ వల్ల కూడా వస్తుంది. స్టెరాయిడ్లంటే ఇక్కడ జిమ్ సంగతి కాదు. ఆస్తమాకి, చర్మానికి, కోవిడ్‌కి ఇచ్చిన కార్టిసోన్ రకం మందులు. సందు చివర క్లినిక్‌లో ‘ఒక్క సూదితో లేచి కూర్చున్నా’ అని మురిసిపోతామే, ఆ సూదిలో ఉన్నది కూడా చాలాసార్లు అదే. ఏవీఎన్ మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో కనిపిస్తుంది. తల కుంగకముందే దొరికితే కోర్ డీకంప్రెషన్ లాంటి చిన్న ఆపరేషన్‌తో సొంత కీలుని కొంతకాలం కాపాడుకునే అవకాశం ఉంటుంది. కుంగాక ఆ దారి మూసుకుపోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ‘ఈ సినిమా అయ్యాక చూద్దాం’ అనడం చాలా ఖరీదైన మాట.

అరుగుదలతో పాడైన కీలుకైతే అంత తొందర లేదు. ఎక్స్‌రే ఎంత ఘోరంగా ఉందన్నది ఒక్కటే చూసి నిర్ణయించుకోకండి. రాత్రి నిద్ర పడుతోందా, నొప్పి మాత్రలు వారానికి ఎన్ని పడుతున్నాయి, ఏ పని వదిలేయాల్సి వచ్చింది అన్నవి చూడండి. కృత్రిమ కీలుకీ ఆయుష్షు ఉంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం మార్చిన తుంటి కీళ్లలో సుమారు 58 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అరవై ఏళ్ల మేకప్ చీఫ్‌కి ఇది నిశ్చింత. ముప్పై ఎనిమిదేళ్ల ఫైటర్‌కి జీవితంలో ఇంకోసారి బల్ల ఎక్కాల్సి రావచ్చని హెచ్చరిక. రెండోసారి చేసే ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. అలాగని మరీ లాగితే తొడ, పిరుదు కండరాలు కరిగిపోతాయి, నడుం పాడవుతుంది, కోలుకోవడం రెట్టింపవుతుంది. డైక్లోఫెనాక్ మింగుతూ నెలలు నెట్టుకొస్తే కిడ్నీలు, కడుపు కూడా బిల్లు వేస్తాయి.

ఎముక విరిగితే మాత్రం ఈ తర్జనభర్జనకి తావు లేదు. అందరం చూసిన కేసే ఉంది. 2023 డిసెంబర్ 7 రాత్రి మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో జారిపడ్డారు. ఎడమ తుంటి విరిగింది. మర్నాడే సోమాజిగూడ యశోదలో తుంటి మార్పిడి చేశారు. కోలుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుందని ఆసుపత్రి బులెటిన్‌లోనే చెప్పారు. 15న డిశ్చార్జి అయ్యారు. ఎమ్మెల్యేగా ప్రమాణం చేయడానికి అసెంబ్లీకి వచ్చింది 2024 ఫిబ్రవరి 1న, చేతికర్రతో. అంటే దాదాపు ఎనిమిది వారాలకి. ఎన్నికల బస్సు యాత్ర మొదలుపెట్టింది ఏప్రిల్ ఆఖరి వారంలో, నాలుగున్నర నెలల తర్వాత. పక్కన డాక్టర్లు, మనుషులు, కారు ఉన్న మనిషికి పట్టిన గడువు ఇది. నాలుగు వారాల్లో ట్రాలీ నెడతానని మేనేజర్‌కి మాటిచ్చే ముందు ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు తేదీ పెట్టడం. ఒక ఫోకస్ పుల్లర్ ఉన్నాడనుకుందాం. వయసు 41, కుడి తుంటి పోయింది. చేతిలో ఉన్న సినిమాకి ఇంకా 35 రోజుల షూటింగ్ మిగిలింది, మధ్యలో 20 రోజుల బ్రేక్ ఉంది. ఆ బ్రేక్‌లో ఆపరేషన్ చేయించుకుంటే కలిసొస్తుందని అనిపిస్తుంది. అదే ఉచ్చు. 20వ రోజుకి అతను వాకర్ మీదో కర్ర మీదో ఉంటాడు. యూనిట్ అతని కోసం ఆగదు, అతను ఇంట్లో ఆగలేడు. మిగిలిన 35 రోజులు జాగ్రత్తగా పూర్తిచేసి, ఆ తర్వాత మూడు నెలలు ఖాళీ పెట్టుకుని అప్పుడు చేయించుకోవడమే నయం, మాత్రలు డాక్టర్ చెప్పిన హద్దులో ఉంటే. హద్దు దాటితే సినిమా వదులుకోవాలి. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రొడక్షన్‌కి ఎలా చెప్పాలి? సానుభూతి కోసం చెప్పకండి, ప్లాన్‌లా చెప్పండి. ‘సార్, ఫలానా తేదీన తుంటి ఆపరేషన్. పన్నెండు వారాలు అందుబాటులో ఉండను. నా బదులు మా అసిస్టెంట్ వస్తాడు, పని తెలుసు. ఫలానా వారం నుంచి సిటీ కాల్స్‌కి నేను రెడీ.’ ఇంతే, వాట్సాప్‌లో. మీ బదులు మనిషిని మీరే పెట్టండి, వాళ్లని వెతుక్కోనివ్వకండి. ఆ మనిషి అక్కడే స్థిరపడిపోయే ప్రమాదం ఉందా? ఉంది. కానీ మీకు తెలియనివాడు స్థిరపడటం కంటే మీరు పెట్టినవాడు ఉండటం మేలు. సెట్‌లో పడి విరిగితే సంగతి వేరు. ఆసుపత్రిలో అది పని చోట జరిగిన ప్రమాదమని ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించండి. యూనియన్‌కి ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. ప్రొడక్షన్ తీసుకున్న ఇన్సూరెన్స్ ఏదైనా ఉందేమో అడగండి. ఇంట్లో పడ్డానని రాయించి, తర్వాత పరిహారం అడిగితే ఎవరూ వినరు.

డబ్బు సంగతి. 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మె తర్వాత రోజు వేతనాలు పెరిగాయి. పెరిగిన వేతనమైనా పనికొచ్చిన రోజుకే. అందుకని ఆసుపత్రి ఖర్చు కంటే ముందు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. వీఎఫ్ఎక్స్ కంపెనీల్లో, స్టూడియో ఆఫీసుల్లో నెల జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. అర్హత ఉంటే అనారోగ్యపు సెలవుకి ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు. మీ కేసు ఏ ప్యాకేజీ కిందకి వస్తుందో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. జూబ్లీహిల్స్ అపోలో గేటు ముందునుంచి రోజూ వెళ్తున్నాం కదా అని అదొక్కటే దారి అనుకోనక్కర్లేదు.

ప్రైవేటు పాలసీ ఉంటే రెండు చోట్ల జాగ్రత్త. కీళ్ల మార్పిడికి చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ప్రమాదంలో విరిగితే అది వర్తించదు. రెండోది గది అద్దె. పాలసీలో రోజుకి 5,000 పరిమితి ఉందనుకోండి, మీరు 8,000 గది తీసుకున్నారు. పోయేది రోజుకి 3,000 మాత్రమే అనుకుంటాం. అలాంటి పాలసీల్లో సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ రెండూ కలిపి 1,60,000 అయితే కంపెనీ ఇచ్చేది లక్ష. 60 వేలు మీ జేబులోంచి, ఒక కిటికీ ఎక్కువున్న గది కోసం!

ఇంప్లాంట్ విషయంలో సర్జన్‌ని నోరు తెరిచి అడగండి. ఏ కంపెనీ, సిమెంట్ వేసేదా వేయనిదా, తల సెరామికా లోహమా, ఎందుకు అని. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టినప్పుడు తుంటిని అందులో చేర్చలేదు. కాబట్టి కొటేషన్‌లో ఇంప్లాంట్ ధర విడిగా రాసిమ్మనండి. ఆపరేషన్ అయ్యాక ఆ పెట్టె మీది స్టిక్కర్లు, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ ఉన్నవి, కేస్ షీట్‌లో అతికిస్తారు. వాటి కాపీ తీసుకుని ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే లోహపు తుంటిని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో పరిహారం లెక్క తేలేసరికి 2018 వచ్చింది. అన్నేళ్ల తర్వాత తన తుంటిలో ఏముందో కాగితంతో చూపించలేనివాడు ఏం అడగగలడు?

ఆపరేషన్‌కి ముందు షుగర్ అదుపులోకి రావాలి, పుచ్చిన పన్ను ఉంటే తీయించుకోవాలి, సిగరెట్, గుట్కా కనీసం నెల ముందు ఆపాలి. కొత్త కీలుకి ఇన్ఫెక్షన్ పడితే అది మొత్తం కథని తిరగరాస్తుంది. మూడో అంతస్తులో లిఫ్టు లేని గదిలో ఉంటే రెండు నెలలు కింది వాటాలో ఎవరింట్లోనైనా సర్దుకోండి. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఉండేవాళ్లకి ఆ ఏటవాలు దారి మొదటి నెల పనికిరాదు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే కమోడ్ కుర్చీ కొనండి. చాప మీద పడుకునే అలవాటు మానుకోండి, మంచం కావాలి. తడి బాత్‌రూమ్‌లో రబ్బరు మ్యాట్ వేయండి.

ఆపరేషన్ రోజో మర్నాడో నడిపిస్తారు. అది చూసి బంధువులు ‘అయిపోయింది కదా’ అంటారు. అయిపోలేదు. వెనక వైపు నుంచి కోసిన ఆపరేషన్ అయితే సాధారణంగా మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదాన్ని లోపలికి తిప్పకూడదు. మీరితే కీలు ఊడిపోవచ్చు. సెట్‌లో దీనికి అసలు శత్రువు మడత కుర్చీ. గుడ్డ సాగిపోయి కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి కూర్చోండి, ఎత్తు సరిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు సాధారణంగా నాలుగైదు వారాలు వాడాలి, నొప్పి తగ్గిందని ఆపకూడదు. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చెమ్మ ఆగకపోయినా, జ్వరం వచ్చినా, కాలు హఠాత్తుగా పొట్టిగా అయి పక్కకి తిరిగినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని రెండు రోజులు చూద్దామనుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఫిజియోథెరపీ మూడో వారంలో మానేసేవాళ్లు ఎక్కువ, నొప్పి ఉండదు కనుక. కండరం మాత్రం అప్పటికి సగం కూడా కోలుకోదు. ఆ కుంటు నడక తర్వాత అలవాటుగా మిగిలిపోతుంది.

పనికి ఎప్పుడంటే పనిని బట్టి. ఎడిటర్లు, డబ్బింగ్ ఇంజినీర్లు ఆరు వారాలకి ఎత్తు కుర్చీ మీద కూర్చోవచ్చు, ముప్పావు గంటకోసారి లేచి నడిస్తే. అసిస్టెంట్ డైరెక్టర్లకి, కాస్ట్యూమ్, మేకప్ వాళ్లకి రోజంతా నిలబడే పని, పది పన్నెండు వారాలు వేసుకోండి. లైట్‌మెన్‌కి, గ్రిప్ వాళ్లకి మూడు నాలుగు నెలలు, ఆ తర్వాత కూడా ఒంటరిగా పెద్ద బరువు ఎత్తడం గురించి సర్జన్‌తో మాట్లాడాలి. ఫైటర్లకి, డాన్సర్లకి కుండబద్దలు కొట్టి చెప్పాలంటే, ఎత్తు నుంచి దూకే పని ఇక కాదు. మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా, రోప్ దగ్గర, రిహార్సల్స్‌లో చోటు కోసం ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి. తర్వాత అడిగితే జాలిపడి ఇచ్చిన పని అవుతుంది, ముందే అడిగితే మీ అనుభవానికి ఇచ్చిన పని అవుతుంది. కారు నడపడానికి సుమారు ఆరు వారాలు, బైక్‌కి ఇంకా ఎక్కువ. డాక్టర్ నోటి మాట కాదు, ఫిట్‌నెస్ కాగితం తీసుకోండి.

మొదటి కాల్ అన్నపూర్ణలోనో రామానాయుడు స్టూడియోలోనో పగటి షిఫ్ట్ అయితే ఒప్పుకోండి. నగరం ఆ చివర ఫిల్మ్‌సిటీలో రాత్రి షూటింగ్, పోనూ రానూ యూనిట్ వ్యాన్‌లో గంటల ప్రయాణం అంటే ఇంకో పక్షం రోజులు ఆగండి. ఒప్పుకునే ముందు మేనేజర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: లొకేషన్‌లో వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, లేకపోతే ఏ వానిటీ వ్యాన్‌లోది వాడుకోవచ్చు? వ్యాన్‌లో ముందు సీటు నాకు ఉంటుందా? ‘వచ్చాక చూసుకుందాంలే అన్నా’ అన్నాడంటే, ఆ రెండూ లేవని అర్థం.